కోట గాచినవాని కీర్తి

చరిత్ర వ్రాయువారికి గెలిచినవాని పేరు దొరకినంత సులభముగా కాచినవాని పేరు దొరకదు. కోట పట్టుకొన్న రాజు శాసనము వేయించును. ఆ కోటను ఇరువది యేండ్లు శత్రువు చేతికి చిక్కనీయక నిలిపిన దుర్గాధిపతికి శాసన మెందులకు? ఏమియు జరుగలేదు గదా! ఏమియు జరుగనీయకుండుటయే ఆతని ఘనకార్యము. జరిగినదానిని లెక్కించుట చరిత్రకు అలవాటు. జరుగకుండ నిలిపినదానిని వ్రాయుటకు దాని పద్దుపుస్తకమున గడి లేదు.

ఈ లోపము రాజుల చరిత్రలకే గాక ఆటల చరిత్రలకును కలదు. ఫుట్‌బాల్ ఆటలో పక్షమునకు పదునొకండుగు రుందురు. ఆట ముగిసిన పిమ్మట పత్రికలో మిగులునది గోలు వేసినవాని పేరు, వేసిన నిమిషము. ఆ గోలు కాక పోవలసినవి, పోకుండ ఆగినవి ఎన్నియో యుండును. వానిని ఆపినవాని పేరు ఏ పట్టికలోను కానరాదు. కావున వెనుకవరుసలో నిలిచి ఆడు ఆటగాని కీర్తి కాగితములలో గాక చూచినవారి నోట బ్రతుకవలసినదే. చూచినవారు పోయినచో కీర్తియు పోవును. అట్టివారిలో ఒకడైన జర్నైల్ సింగును గూర్చి అభిమానులు దేనిని తలంచుకొనుచున్నారో, ఆ తలపు చరిత్రకు ఎంతవఱకు సాక్ష్యమగునో విచారించుట ఈ వ్యాసోద్దేశము.

ఆటతో పరిచయము లేని చదువరుల కొఱకు ఒకటి రెండు మాటలు చెప్పవలెను. గోలు ముందఱ గోల్ కీపరును, ఆతని కెదుట బ్యాకు ఆటగాండ్రును నిలుతురు. వారి నడుమ నిలుచువానిని స్టాపర్ బ్యాక్ అందురు. ప్రతిపక్షపు ముందువరుసలో మేటియైనవాడు ఎవడో వానిని ఎదుర్కొనుట స్టాపరు పని. ముందువరుస ఆటగాడు తొమ్మిది మారులు తప్పి పదియవ మారు గోలు వేసినచో జయజయ ధ్వానములు మ్రోగును. స్టాపరు తొమ్మిది మారులు ఆపి పదియవ మారు తప్పినచో ఆ దినమంతయు ఆతనికి నిందయే. ఒకని కొక్క మారు సఫలమైన చాలును. వేఱొకని కొక్క మారు విఫలమగుటకు వీలు లేదు. ఇట్టి తూనికలో నిలిచి కీర్తి గాంచుట సామాన్యము కాదు.

జర్నైల్ సింగు 1936వ సంవత్సరమున అవిభక్త పంజాబునందు జన్మించెను. హోషియార్‌పూరు జిల్లాయందలి పనాము గ్రామము ఆతని కుటుంబమునకు నెలవు. ఆ ప్రాంతముననే మాహిల్‌పూరను చిన్న పట్టణము కలదు. అచ్చటి ఖాల్సా కళాశాల పంజాబు ఫుట్‌బాలునకు పాదు వంటిది. జర్నైల్ సింగు ఆ కళాశాల జట్టున ఆడి పేరు తెచ్చుకొనెను. జర్నైల్ అను పేరునకు సేనాపతి యని యర్థము. ఇంగ్లీషు దొరల జనరల్ శబ్దమే పంజాబీ నాలుకపై అట్లు మాఱినది. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆతని విషయమున వృథా పోలేదు.

ఆ కాలమున ఫుట్‌బాల్ ఆటగానికి కలకత్తా చేరుటయే పట్టాభిషేకము. జర్నైల్ సింగు మొదట రాజస్థాన్ క్లబ్బున ఆడి, 1959లో మోహన్ బగాన్ సంఘమున ప్రవేశించి, 1968 వఱకు అచ్చటనే నిలిచెను. ఈ సంఘము 1911లో ఈస్టు యార్కుషైర్ సైనిక పటాలమును రెండు గోలులకు ఒక గోలుగా ఓడించి ఐ.ఎఫ్.ఏ. షీల్డు గెలుచుకొన్నది. ఆ దినమున మన పదునొకండుగురిలో ఒక్కడు తప్ప తక్కినవారెల్లరు వట్టి కాళ్ళతో ఆడిరి. దేశాభిమానమును, ఆటయు ఒక్క మైదానమున కలసిన యా దినము వంగదేశీయులకు పండుగ వంటిది. ఆ సంఘమునకే గోష్ఠపాల్ అను బ్యాకు ఆటగాడు ఆ తరువాతి కాలమున ప్రాకారమువలె నిలిచెను. అభిమానులు ఆతనిని చీనా గోడ యని పిలిచిరి. భారత ప్రభుత్వము ఆతనికి 1962లో పద్మశ్రీ బిరుదమొసంగెను. ఫుట్‌బాల్ ఆటగాండ్రలో ఆ బిరుదము మొదట నందినవాడు గోలులు వేసినవాడు గాక గోలులు ఆపినవా డగుట గమనింపదగినది.

కావున జర్నైల్ సింగు వచ్చి నిలిచిన స్థానము వట్టి స్థానము కాదు, పెద్దల పీఠము. ఆతడు దానికి తగినవాడని మోహన్ బగాన్ అభిమానులు త్వరలోనే ఎఱిగిరి. ఆతని కాలమున సంఘము 1963, 1964, 1965 సంవత్సరములలో వరుసగా మూడు మారులు డ్యూరాండ్ కప్పు గెలిచెను. ప్రతిపక్షి కాలియొద్దనుండి బంతిని లాగికొనుటను ట్యాకిల్ అందురు. జర్నైల్ సింగు ట్యాకిల్ అనగా ఆ తరమువారికి నేటికిని కన్నులు మెఱయును. ఆతని ఆట కఠినము, మెత్తదన మెఱుగనిది. ఎత్తుగా వచ్చిన బంతిని తలతో కొట్టుటలోను, దేహబలమునందును ఆతనికి సాటి అరుదు. 1960వ సంవత్సరపు రోము ఒలింపిక్సున ఆతడు భారతజట్టున ఆడెను. అచ్చట మనవారు హంగేరీతో రెండింటికి ఒకటిగా ఓడి, ఫ్రాన్సుతో చెఱి యొక గోలుతో సరిసమానముగా నిలిచిరి. గెలుపు కాకపోయినను, ఎనిమిది యేండ్లకు పూర్వము 1952లో హెల్సింకియందు యుగోస్లావియా చేత పది గోలులు తిన్న జట్టే ఇది యని తలంచినచో, వెనుకవరుస ఎంత గట్టిపడినదో తెలియగలదు.

ఆ వెనుకవరుసను గట్టిపఱచిన చేయి హైదరాబాదుది. సయ్యద్ అబ్దుల్ రహీము వృత్తిచే ఉపాధ్యాయుడు. ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రుడు. హైదరాబాదు పాఠశాలలలో పిల్లలకు పాఠము చెప్పినవాడు. ఆతడు శిక్షణమిచ్చిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదు మారులు రోవర్స్ కప్పు గెలిచెను. ఆతని శిక్షణమున భారతజట్టు 1951లో ఢిల్లీయందు ఆసియా క్రీడల స్వర్ణమును పొంది, 1956లో మెల్బోర్ను ఒలింపిక్సున నాల్గవ స్థానమున నిలిచెను. నేనును బడిపంతులనే యగుటచే ఈ విషయము నాకు ప్రత్యేకముగా ముచ్చట గొల్పును. మంచి ఉపాధ్యాయుని లక్షణ మేమి? పిల్లవాడు కనబఱచుచున్న శక్తిని మెచ్చుట కాదు. వానిలో దాగియున్న శక్తిని పసిగట్టుట. రహీము జర్నైల్ సింగు విషయమున చేసినది సరిగా నదియే.

1962వ సంవత్సరమున ఆసియా క్రీడలు ఇండోనేషియా రాజధానియైన జకార్తాయందు జరిగెను. ఇస్రాయేలు, తైవాను దేశములను ఆ ప్రభుత్వము రానీయలేదు. ఆసియా క్రీడా సమాఖ్య స్థాపకులలో ఒకడైన గురుదత్త సోంధీ దీనిని గర్హించి, కొన్ని దేశములను వెలివేసిన పోటీలను ఆసియా క్రీడలని పిలువరాదని వాదించెను. సోంధీ భారతీయు డగుటచే ఆ నగర ప్రజల కోపము భారతీయులందఱిపై మళ్ళెను. జనసమూహము భారత రాయబార కార్యాలయముపై దాడి చేసెను. తలపాగా ధరించిన సిక్కు ఆటగాండ్రను చూడగనే భారతీయులని పోల్చుకొందురు గనుక, మైదానమునకు పోవు బస్సులో జర్నైల్ సింగు కిటికీకి కానరాకుండ క్రింద కూర్చుండి పోవలసి వచ్చెనని తోడి ఆటగాండ్రు తరువాత చెప్పుకొనిరి. గోలు ముందఱ ఎవనికిని తలయొగ్గని మనిషి బస్సులో తల దాచుకొనవలసి వచ్చినది. పెద్దల వివాదముల ఋణము పిల్లలు చెల్లించుట లోకమున క్రొత్త కాదు.

ఆట మొదలైనది. తొలి పోటీలోనే మనవారు దక్షిణ కొరియాతో సున్నకు రెండు గోలులుగా ఓడిరి. పిదప థాయిలాండును నాలుగింటికి ఒకటిగా గెలిచిరి. కాని ఆ పోటీలో జర్నైల్ సింగు తలకు లోతైన గాయమై కుట్లు పడెను. జపానును రెండు గోలులతో గెలిచిన పోటీలో ఆతడు ఆడలేదు. తరువాత దక్షిణ వియత్నాముతో ఉపాంత్య పోటీ. తలపై కట్టుతో స్టాపరు స్థానమున నిలిచి ఎత్తుబంతులను తలతో కొట్టుచు నుండుట ప్రమాదకరము; అట్లని అట్టివానిని బయట కూర్చుండబెట్టుటయు నష్టము. అప్పుడు రహీము ఎవ్వరును ఊహింపని పని చేసెను. వెనుక నిలుచువానిని ముందునకు పంపెను! కళాశాల దినములలో జర్నైల్ సింగు ముందువరుసలో ఆడియుండెననియు, ఉపాధ్యాయుడు దానిని మఱువలేదనియు చెప్పుదురు. జర్నైల్ సింగు ఆ పోటీలో గోలు వేసెను. మనవారు మూడింటికి రెండుగా గెలిచిరి.

1962 సెప్టెంబరు 4వ తేదీన తుదిపోటీ. ఎదుట తొలినాడు మనలను ఓడించిన దక్షిణ కొరియాయే. లక్షమంది ప్రేక్షకులని చెప్పుకొను ఆ మహాసభలో మనవారిని హర్షించువారు వ్రేళ్ళపై లెక్కింపదగినంతమంది. జనగణమన వినబడకుండునట్లు కేకలు చెలరేగెను. ఆ గందరగోళములో భారతజట్టు పక్షమున గొంతెత్తి కేక లిడినవారిలో పాకిస్తాను హాకీ ఆటగాండ్రుండిరి. ఆ క్రీడలలోనే హాకీ తుదిపోటీన మనవారిని ఓడించి స్వర్ణము గెలిచినవారు వారు. దేశవిభజనము నాటికి పదునొకండేండ్ల బాలుడైయుండిన పంజాబీ ఒకడు, పదునేనేండ్ల పిమ్మట పరదేశమున ఆడుచుండగా ఆతనికై ఎలుగెత్తినవారు సరిహద్దునకు ఆవలివారు. రాజ్యములు గీచిన గీతను మనుష్యులు అప్పుడప్పుడు మఱచిపోగలరనుటకు ఇంతకంటె నిదర్శన మేమి కావలెను?

ఆటలో 17వ నిమిషమున ప్రదీప్ కుమార్ బెనర్జీ తొలి గోలు వేసెను. 20వ నిమిషమున తలకట్టుతో నున్న జర్నైల్ సింగు రెండవ గోలు వేసెను. ముగియుటకు ఐదు నిమిషములు ముందు కొరియావారు ఒక గోలు తీర్చుకొన్నను ఫలితము మాఱలేదు. స్వర్ణము మనది. రహీము అప్పటికే కాన్సరు వ్యాధిగ్రస్తుడు. 1963 జూను 11వ తేదీన హైదరాబాదు ఆతనిని పోగొట్టుకొనెను. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణము ఆ పిమ్మట భారతదేశమునకు తిరిగి రాలేదు. 1970లో బ్యాంకాకునందు గెలిచిన కాంస్యమే చివరి పతకమై నిలిచినది.

ఇంతవఱకు కథ. ఇక విచారము.

జర్నైల్ సింగును తలంచునపుడు అభిమానులు మొదట చెప్పునది ఏది? తల కట్టు, జకార్తా, ఆ గోలు. ఆతడు పదేండ్లపాటు ఆపిన వందలకొలది దాడులు కావు. ముందువరుసలో రెండు పోటీలు ఆడి వేసిన రెండు గోలులు! కాపుండువాడు కీర్తి మందిరమున ప్రవేశించుటకు కొట్టువాని వేషము వేసికొనవలసి వచ్చినది. ఇది ఆతనిని స్తుతించుటయే గాని, ఆతని వృత్తిని స్తుతించుట కాదు. ఈ వింతను అభిమానులు సాధారణముగా గమనింపరు.

అంతకంటె వింతయైనది వేఱొకటి కలదు. జర్నైల్ సింగు ముందునకు పోయినపుడు ఆతడు విడిచిన చోటు ఏమైనది? అది శూన్యముగా నుండలేదు గదా! ఆ తుదిపోటీలో అరుణ్ ఘోష్, చంద్రశేఖరుడు, త్రిలోక్ సింగు వెనుక నిలిచిరి. వారి వెనుక గోలులో పీటర్ తంగరాజు. తొలినాడు మనపై రెండు గోలులు వేసిన కొరియా జట్టును వీరు ఎనుబది యైదు నిమిషములు ఒక్క గోలైనను లేకుండ నిలిపిరి. లక్ష గొంతుల కేకలలో, కాలు జాఱిన స్వర్ణము జాఱునను భయములో, నిలిపిరి. రెండు గోలుల కథ ఇంటింట తెలిసినది. ఆ ఎనుబది యైదు నిమిషముల కథ ఎవరికి తెలియును? కాపుండువాని కీర్తి లోకమున వ్యాపించిన దినముననే, కాచిన నలువురి కీర్తి మఱుగున పడినది. జర్నైల్ సింగునకు మనము చేయవలసిన నిజమైన గౌరవము ఆతని గోలును మఱల మఱల చెప్పుట కాదని నాకు తోచుచున్నది. ఆతడు ఏ పనిలో మహనీయుడో ఆ పనిని గుర్తించుటయే.

అభిమానుల జ్ఞాపకమును సాక్ష్యముగా గైకొనవచ్చునా యని కొందఱడుగవచ్చును. కుట్లు ఆఱని ఒకరు, పది యని వేఱొకరు చెప్పుదురు. ప్రేమతో తలంచువాడు సంఖ్యలను పెంచును; కొట్టిన బంతి ఏటేట వేగము పుంజుకొనును. కావున తేదీలు, ఫలితములు, స్థానములు వ్రాతలనుండియే గ్రహింపవలెను. కాని ఆతడు ఎట్లు నిలిచెను, ఆతడు వెనుక నుండుటచే తక్కినవారికి ఎంత ధైర్యము కలిగెను అను విషయములను ఏ పట్టికయు చెప్పజాలదు. అవి చూచినవారి హృదయములందే యున్నవి. జ్ఞాపకమును నమ్మనివాడు సగము చరిత్రను పోగొట్టుకొనును. దానిని పరీక్షింపనివాడు తక్కిన సగమును పాడుచేయును.

ఈ మాట ఆటకు మాత్రమే చెల్లునది కాదు. మన యిండ్లలో పండుగనాడు వడ్డించిన పిండివంటలను మెచ్చుదుము. ఏడాది పొడవున పిల్లలకు జబ్బు రాకుండ నీరు కాచి, వడకట్టి, పాత్రలు శుభ్రముగా నుంచిన తల్లిని మెచ్చుటకు మనకు సందర్భమే దొరకదు. జబ్బు రాలేదు గదా, మెచ్చుటకేమున్నది? కలరా వ్యాపించినపుడు వైద్యము చేసిన వైద్యునికి పూలదండ వేయుదుము. కలరా రాకుండ ఊరి మురుగు తీయించినవాని పేరు రెండవ తరమునకు తెలియదు. కాపుదలను మెచ్చుట నేర్వని సంఘము ఆపదలు వచ్చువఱకు వేచియుండి, అప్పుడు వీరులను వెదకికొనును.

జర్నైల్ సింగు జీవితము ఈ విషయమున కొంత ఊరట కల్పించుచున్నది. 1964లో ఆతనికి అర్జున పురస్కారము లభించెను. చునీ గోస్వామి విరమించిన తరువాత ఆతడు భారతజట్టునకు నాయకుడయ్యెను. ఆసియా దేశముల మేటి ఆటగాండ్రను ఏర్చి కూర్చిన జట్టునకును నాయకత్వము వహించెను. ఖండమంతటినుండి ఏర్చినవారికి నాయకుడుగా ఒక బ్యాకు ఆటగానిని నిలుపుటయందు వివేకము కలదు. మైదానమంతయు ఎదుట కనబడునది వెనుక నిలుచువానికే గదా! కలకత్తా విడిచిన పిమ్మట ఆతడు పంజాబునకు తిరిగిపోయి, అచ్చటి యువకులకు ఆట నేర్పుచు క్రీడాశాఖయందు పని చేసెను. రహీము వద్ద పొందిన విద్యను తన ఊరివారికి మఱల పంచెను. 2000వ సంవత్సరమున కెనడా దేశమున మరణించెను.

జకార్తా వీరులలో బెనర్జీ, చునీ గోస్వామి 2020లోను, సికిందరాబాదు చెంత అమ్ముగూడయందు పుట్టిన తులసీదాస్ బలరాము 2023లోను గతించిరి. రహీమును గూర్చి 2024లో హిందీభాషయందు మైదాన్ అను చలనచిత్రము వెలువడుటచే క్రొత్త తరమువారు ఆ పేర్లను మఱల వినుచున్నారు. సంతోషమే, కాని తెరపై ప్రకాశించునది గోలే, కాపుదల కాదు. ఆ దినములలో మైదానపు గట్టున కూర్చుండి చూచిన వృద్ధులు హైదరాబాదునను కలకత్తాయందును నేటికిని అక్కడక్కడ కలరు. వారు పోయిన పిమ్మట వెనుకవరుసవారి చరిత్రకు సాక్షులు లేరు. హైదరాబాదునుండి 1952, 1956 ఒలింపిక్సునకు పోయిన బ్యాకు ఆటగాడు సయ్యద్ ఖాజా అజీజుద్దీను పేరు మన విద్యార్థులలో ఎందఱికి తెలియును?

కావున చదువరులకు నా విన్నపము ఇది. మీ యింట అట్టి పెద్దలున్నచో, ఎవడు గోలు వేసెనని అడుగవలదు, అది పుస్తకములందున్నది. ఎవడు ఆపెను, ఎట్లు ఆపెను అని అడుగుడు. వారు చెప్పినదానిని పిల్లలచేత ఒక పుస్తకమున వ్రాయింపుడు. కోట పట్టినవాని శాసనము రాతిపై నిలుచును. కోట గాచినవాని శాసనమును మనము వ్రాసినగాని నిలువదు.